స్పానిష్‌లోనే స్టేడియం నిండింది, మరి ఇంగ్లిష్ ఆల్బమ్ ఎవరి కోసం?

2006 జనవరి 21న లాస్ ఏంజెలెస్ కొలీసియం స్టేడియంలో ఆర్‌బీడీ అనే మెక్సికన్ పాప్ బృందం కచేరీ చేసింది. రెండుసార్లు ఒలింపిక్స్ జరిగిన స్టేడియం అది. ఆ రాత్రి వచ్చినవాళ్లు 60,000కు పైనే. స్టేజీ మీద ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు, ఒక్కరికి కూడా పాతికేళ్లు లేవు. పాడినవి స్పానిష్ పాటలు. ఇంగ్లిష్ పాప్ రేడియో మాత్రమే వినే సగటు అమెరికన్‌కి ఆ వారం ఆ ఊళ్లో అంత పెద్ద కచేరీ జరిగిందని కూడా తెలిసి ఉండదు.

అదే ఏడాది డిసెంబర్ 19న వాళ్ల ఇంగ్లిష్ ఆల్బమ్ 'రెబెల్స్' వచ్చింది. అమెరికా మొత్తం అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 జాబితాలో 40వ స్థానం దాకా వెళ్లి, అంతకంటే పైకి ఎక్కలేదు. తమాషా ఏంటంటే, దానికి సరిగ్గా నెల రోజులైనా కాకముందు వచ్చిన వాళ్ల స్పానిష్ ఆల్బమ్ 'సెలెస్తియాల్' అదే జాబితాలో 15వ స్థానం దాకా వెళ్లింది. అమెరికాలో, అమెరికన్ల భాషలో పాడిన ఆల్బమ్ వెనకబడింది. అక్కడ తక్కువమంది మాట్లాడే భాషలో పాడింది ముందుంది.

దీనికి మామూలుగా చెప్పే కారణాలు రెండు. వాళ్ల ఇంగ్లిష్ ఉచ్చారణ కుదరలేదని ఒకటి, పాటల్లో పస లేదని రెండోది. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ వాటితోనే సరిపెట్టుకుంటే అసలు సంగతి దొరకదు. ఆర్‌బీడీ పాటలు ఏ వాహనం ఎక్కి ఊళ్లు తిరిగాయో చూస్తే, ఇంగ్లిష్ ఆల్బమ్‌కి ఆ వాహనమే లేదని తెలుస్తుంది. ఆ వాహనం పేరు సీరియల్.

కథ అర్జెంటీనాలో మొదలైంది. 2002లో క్రిస్ మొరేనా అనే నిర్మాత 'రెబెల్దె వే' అనే టీనేజ్ సీరియల్ తీశారు. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే బోర్డింగ్ స్కూలు, అందులో స్కాలర్‌షిప్పు మీద వచ్చిన పిల్లలు, వాళ్ల మధ్య గొడవలు, ప్రేమలు, చివరికి కలిసి ఒక బ్యాండు పెట్టడం. సీరియల్లోని బ్యాండు ఎరేవేస్ పేరుతో బయట కూడా నిజంగా ఆల్బమ్‌లు వేసి కచేరీలు చేసింది. ఈ ఫార్ములా హక్కులు దేశదేశాలకు అమ్ముడుపోయాయి. మన దేశానికి కూడా వచ్చింది. 2004 నవంబర్‌లో స్టార్ వన్ ఛానెల్లో మొదలైన 'రీమిక్స్' సీరియల్ గుర్తుందా? ఇప్పుడు ముప్పై దాటినవాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అది ఈ అర్జెంటీనా సీరియల్‌కి హిందీ రూపమే.

మెక్సికోలో దాన్ని టెలివీసా సంస్థ కోసం పెద్రో దమియాన్ తీశారు. 'రెబెల్దె' పేరుతో 2004 అక్టోబర్ 4న మొదలై 2006 జూన్ 2 దాకా 440 ఎపిసోడ్లు నడిచింది. అనాయి, దుల్సె మరియా, మైతె పెరోని, అల్ఫోన్సో ఎరేరా, క్రిస్టఫర్ వొన్ ఉకర్‌మన్, క్రిస్టియన్ చావెస్, ఈ ఆరుగురూ అందులో విద్యార్థులు. వీళ్లను ముందు నటులుగా ఎంచుకున్నారు, బ్యాండు ఆ తర్వాతి సంగతి. సీరియల్ మొదలైన నెలకే, అంటే నవంబర్‌లోనే, మొదటి ఆల్బమ్ షాపుల్లోకి వచ్చేసింది.

ఈ ఏర్పాటు ఎలా పనిచేసేదో కొంచెం దగ్గరగా చూడాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పదమూడేళ్ల అమ్మాయి, మీయా అనే పాత్ర ప్రేమలో దెబ్బతిని ఏడవడం చూస్తుంది. ఆ ఏడుపు వెనక ఒక పాట వస్తుంది. ఆ పాట పాడేది మీయాగా నటిస్తున్న అనాయే. మర్నాడు స్కూల్లో ఆ ఎపిసోడ్ గురించే మాటలు. వారాంతానికి సీడీ కొనుక్కుంటే అందులో అదే పాట. కచేరీకి వెళ్తే, సీరియల్లో వేసుకున్న యూనిఫారం లాంటి బట్టలతో, మెడలో ఎర్ర టైతో అదే అమ్మాయి కళ్లెదుట పాడుతుంది. అభిమాని ఆ పాట విన్న ప్రతిసారీ మీయా కథ కూడా వెంట వస్తుంది. సంగీతపరంగా ఆ పాటలు మహాగొప్పవని నేను అనను. చాలావరకు పద్ధతిగా కుట్టిన పాప్ రాక్ పాటలు, అంతే. కానీ వందల ఎపిసోడ్ల జ్ఞాపకం వాటికి అంటుకుని ఉంది. ఎంత ఖర్చుపెట్టినా దొరకని ప్రచారం అది.

అమెరికాలో కూడా జరిగింది ఇదే. 2005లో యూనివిజన్ అనే అమెరికా స్పానిష్ ఛానెల్ ఈ సీరియల్ వెయ్యడం మొదలుపెట్టింది. 2006 నాటికి అమెరికాలో లాటినో జనాభా, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, దాదాపు 4 కోట్ల 40 లక్షలు. అంటే లాస్ ఏంజెలెస్ స్టేడియం నిండటంలో వింతేమీ లేదు. ఆ 60,000 మందిలో ఎక్కువమంది అమెరికాలోనే పెరుగుతున్న పిల్లలే అయి ఉంటారు. వాళ్లకు ఇంగ్లిష్ బాగా వచ్చు, బడిలో మాట్లాడేది అదే. సాయంత్రం అమ్మతోనో అమ్మమ్మతోనో కూర్చుని స్పానిష్‌లో చూసేది మాత్రం ఈ సీరియల్.

మరి ఇంగ్లిష్ ఆల్బమ్ ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది? దానికి ఒక ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి.

1999 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల వేదిక మీద రికీ మార్టిన్ ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పాట పాడి హాలంతటినీ లేపి నిలబెట్టాడు. మే నెలలో అతని ఇంగ్లిష్ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఆ ఏడాదే ఎన్రికే ఇగ్లేసియాస్, మార్క్ ఆంథనీ, జెన్నిఫర్ లోపెజ్ వరసకట్టారు. పత్రికలు దీన్ని లాటిన్ విస్ఫోటనం అన్నాయి. రికీ మార్టిన్ అప్పటికే పదిహేనేళ్లుగా పాడుతున్నవాడనీ, జెన్నిఫర్ లోపెజ్ న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన మనిషనీ ఆ వార్తలు రాసినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 2001 నవంబర్‌లో షకీరా తొలి ఇంగ్లిష్ ఆల్బమ్ 'లాండ్రీ సర్వీస్' వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా కాపీలు అమ్ముడైంది. దాంతో రికార్డు కంపెనీల బుర్రల్లో ఒక సూత్రం గట్టిపడింది: ముందు స్పానిష్‌లో పేరు తెచ్చుకో, తర్వాత ఇంగ్లిష్‌లో పాడు, అప్పుడు అసలైన మార్కెట్ తెరుచుకుంటుంది.

ఈ సూత్రం వెనక వ్యాపారపు లెక్క ఒకటుంది. అప్పటి అమెరికా సంగీత వ్యాపారం బయటికి ఒకటే అనిపించేది గానీ లోపల గదులు గదులుగా ఉండేది. కంట్రీ సంగీతానికి వేరే రేడియో స్టేషన్లు, వేరే జాబితాలు. నల్లజాతి సంగీతానికి వేరు. లాటిన్‌కి వేరు. రికార్డు కంపెనీలో కూడా ఏ విభాగం మనుషులు ఆ విభాగం స్టేషన్లతోనే మాట్లాడుకునేవారు. షాపులో అరలు కూడా వేరు. ఒక గదిలో హిట్టయిన పాట గోడ దాటి ఇంకో గదిలోకి వెళ్తే దాన్నే క్రాస్‌ఓవర్ అంటారు. గదులన్నిట్లోకీ పెద్దది టాప్ 40 రేడియో, అంటే అప్పటికి హిట్టయిన పాప్ పాటలే తిప్పి తిప్పి వేసే స్టేషన్లు. అప్పట్లో ఆ రేడియోలో స్పానిష్ పాటకు చోటు దొరకడం అరుదు. అందుకే ఇంగ్లిష్.

ఆర్‌బీడీ స్పానిష్ ఆల్బమ్‌లు ఇఎంఐ అనే పెద్ద రికార్డు సంస్థ, టెలివీసా కలిసి నడిపిన కంపెనీ నుంచి వచ్చేవి. ఇంగ్లిష్ ఆల్బమ్‌ని అమెరికాలో జనంలోకి తీసుకెళ్లే పని ఇఎంఐకే చెందిన వర్జిన్ లేబుల్‌కి వెళ్లింది. అంటే రెండేళ్లుగా ఈ పిల్లల్ని దగ్గరుండి చూసుకున్న మనుషులు కాకుండా, టాప్ 40 స్టేషన్లతో పనిచేసే మనుషుల చేతికి వ్యవహారం మారింది.

ఆ స్టేషన్లలో అప్పట్లో పని ఎలా జరిగేదంటే, కొత్త పాటను కొన్నాళ్లు వేసి చూసేవారు. తర్వాత శ్రోతలకు ఫోన్ చేసి పాటలోంచి కొన్ని సెకన్ల ముక్క వినిపించేవారు. గుర్తుపట్టారా, నచ్చిందా, విని విని విసుగొచ్చిందా అని అడిగేవారు. మార్కులు తక్కువొస్తే పాట పోయేది. ఫోన్ ఎత్తిన మనిషికి ఆ ముక్క తప్ప ఇంకేమీ తెలియదు. మీయా ఎవరో తెలియదు, ఆ స్కూలు తెలియదు, ఆ 440 ఎపిసోడ్లు తెలియవు. ఇక్కడ పాట ఒంటరిగా, తన బలంతోనే నిలబడాలి. ఆర్‌బీడీ పాటలకు ఆ పరీక్ష ఎప్పుడూ ఎదురుకాలేదు, ఎందుకంటే వాటిని ఎప్పుడూ ఎవరూ ఒంటరిగా వినలేదు.

ఆల్బమ్ లోపలికి వెళ్తే ఇంకా కొన్ని చిక్కులు కనపడతాయి. ముందుగా వదిలిన పాట 'తు అమోర్'. పేరు స్పానిష్, పాట ఇంగ్లిష్. రాసింది డయాన్ వారెన్. సెలీన్ డియాన్, టోనీ బ్రాక్స్‌టన్ లాంటివాళ్లకు పెద్ద హిట్లు ఇచ్చిన రచయిత్రి ఆవిడ. కాకపోతే ఈ పాట కొత్తది కాదు. 1997లోనే జాన్ బి అనే అమెరికన్ గాయకుడు పాడేశాడు. ఒక మెక్సికన్ బృందాన్ని అమెరికాకు పరిచయం చెయ్యడానికి ఎంచుకున్నది, ఒక అమెరికన్ రచయిత్రి లాటిన్ వాసన కోసం స్పానిష్ పేరు పెట్టిన తొమ్మిదేళ్ల నాటి పాట. వినడానికి బాగానే ఉంటుంది. పాడుతున్నవాళ్లు ఎవరో మాత్రం అందులో ఎక్కడా తెలియదు.

ఇంకా విచిత్రమైన ప్రయాణం 'గాన్' పాటది. కెల్లీ క్లార్క్‌సన్ 2004 ఆల్బమ్‌లో ఈ పాట ఇంగ్లిష్‌లో వచ్చింది. దాన్నే ఆర్‌బీడీ 2005లో 'మె వోయ్' పేరుతో స్పానిష్‌లో పాడింది. 'రెబెల్స్'లో మళ్లీ ఇంగ్లిష్‌లో పాడింది. అంటే అమెరికా నుంచి బయలుదేరి మెక్సికో వెళ్లి, ఏడాది తిరిగేసరికి అమెరికాకే వచ్చిందన్నమాట. స్పానిష్ అభిమానికి అది తమ పాట. ఇంగ్లిష్ శ్రోతకేమో అప్పటికే ఇంకొకరి గొంతులో ఉన్న పాట. కెల్లీ క్లార్క్‌సన్‌తో పోల్చి చూసుకోమని మనమే చేతికి ఇచ్చినట్టయింది. ఆ పోలికలో ఎవరు నెగ్గుతారో చెప్పక్కర్లేదు.

'సాల్వామె' అనే వాళ్ల ప్రసిద్ధ విషాద గీతం ఇక్కడ 'సేవ్ మీ' అయింది. మూలంలో అనాయి గొంతు పగిలినట్టు పలికే చోట్లు అభిమానులకు కంఠతా వచ్చు. ఇంగ్లిష్‌లో అదే బాణీ, అదే గొంతు, కానీ ఆమె అక్షరాల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ పాడుతున్నట్టు ఉంటుంది. రాని భాషలో పాడే ఎవరికైనా ఇది తప్పదు. సగం ధ్యాస ఉచ్చారణకు పోతే భావానికి మిగిలేది సగమే. తెలుగు సినిమాల్లో పరభాషా గాయకుల్ని వింటూ పెరిగినవాళ్లం కాబట్టి మనకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

షకీరా ఆల్బమ్‌తో తేడా ఇక్కడే. ఆమె తన పాటలు తానే రాసుకునే మనిషి. ఇంగ్లిష్‌లో పాడాలనుకున్నాక ఆ భాషలో రాయడం నేర్చుకుంది. గ్లోరియా ఎస్తెఫాన్ లాంటివాళ్ల సాయం తీసుకుంది. ఆ ఇంగ్లిష్ సాహిత్యంలో వింత పోలికలు చాలా ఉన్నాయి, అప్పట్లో విమర్శకులు వెక్కిరించారు కూడా. ఆ వింతే ఆమె ముద్రగా నిలిచింది. పైగా ఆ ఆల్బమ్‌లో నాలుగు పాటలు స్పానిష్‌లోనే ఉంచింది, పాత శ్రోతల్ని గుమ్మం బయట నిలబెట్టకుండా. గ్లోరియా ఎస్తెఫాన్ సొంత బృందం మయామీ సౌండ్ మెషీన్ 1984లో మొదటి ఇంగ్లిష్ ఆల్బమ్ వేసింది. రెండేళ్లు తిరిగేసరికి వాళ్ల 'కాంగా' పాట అమెరికా మొదటి పదిలోకి వచ్చింది. కాకపోతే వాళ్లు మయామీలో పెరిగినవాళ్లు, ఇంగ్లిష్ వాళ్ల వీధి భాష. ఈ ఇద్దరికీ ఇంగ్లిష్‌లో సొంతంగా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఆర్‌బీడీలో ఆరుగురు నటులున్నారు, వాళ్లకు పాటలు వేరేవాళ్లు రాసి ఇస్తారు. వాళ్ల సొంత గుర్తింపు అంతా వాళ్ల పాత్రల్లో ఉంది. ఆ పాత్రలు ఇంగ్లిష్ మాట్లాడలేదు.

అయినా సరే, వేరే భాషలో పాడటమే తప్పయితే బ్రెజిల్‌లో ఎందుకు పనిచేసింది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. బ్రెజిల్ భాష పోర్చుగీసు. ఆర్‌బీడీ తన మూడు స్పానిష్ ఆల్బమ్‌లకూ పోర్చుగీసు రూపాలు పాడి అక్కడ విడుదల చేసింది. అదే బృందం, అదే రాని భాష, అదే హడావుడి. బ్రెజిల్‌లో మాత్రం పిచ్చి పట్టినట్టు ఆదరించారు. ఆ పిచ్చి ఒకసారి విషాదంగానూ మారింది. 2006 ఫిబ్రవరి 4న సావో పాలోలో ఆటోగ్రాఫుల కార్యక్రమంలో తొక్కిసలాట జరిగి ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో రియోలోని మరకానా స్టేడియంలో కచేరీ చేశారు.

తేడా ఏంటంటే, బ్రెజిల్‌కి ఆల్బమ్ కంటే ముందు సీరియల్ వెళ్లింది. 2005 ఆగస్టు నుంచి ఎస్‌బీటీ ఛానెల్ పోర్చుగీసు డబ్బింగ్‌తో వేసింది. మీయా, రొబెర్తా, లుపీతా పోర్చుగీసు మాట్లాడి జనానికి చుట్టాలైపోయాక ఆ భాషలో పాటలు పాడితే కొత్తగా ఏముంటుంది? మరకానా కచేరీ డీవీడీ చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడ పాడినవి ఎక్కువగా స్పానిష్ మూలాలే. పోర్చుగీసు సీడీలు కొన్న జనం స్పానిష్‌లో గొంతు కలిపారు.

తూర్పు యూరప్‌లో అయితే పాటల అనువాదం కూడా అక్కర్లేకపోయింది. రొమేనియా, స్లొవేనియా, సెర్బియా లాంటి చోట్ల లాటిన్ సీరియళ్లను డబ్బింగ్ లేకుండా కింద సబ్‌టైటిళ్లతో చూసే అలవాటు ఉంది. అక్కడి పిల్లలు సీరియల్ చూస్తూనే స్పానిష్ ముక్కలు నేర్చేసుకున్నారు. ఆర్‌బీడీ బుకారెస్ట్, ల్యుబ్లియానా, బెల్‌గ్రేడ్‌లలో కచేరీలు చేసింది. ఇంగ్లిష్ ఆల్బమ్ తెరవలేకపోయిన తలుపుల్ని సీరియల్ ఇలా తెరిచింది.

ఇంగ్లిష్ అమెరికాకు మాత్రం సీరియల్ వెళ్లలేదు. అంతకంటే ఘోరం, ఆల్బమ్ వచ్చేసరికి సీరియల్ అయిపోయి ఆరు నెలలు దాటింది. 'సెలెస్తియాల్' నవంబర్ చివర్లో వచ్చింది, ఇంగ్లిష్ ఆల్బమ్ క్రిస్మస్‌కి వారం ముందు వచ్చింది. ఒకే పదమూడేళ్ల అమ్మాయి, ఒకే పాకెట్ మనీ, నెలలో రెండు సీడీలు. ఆమె ఏది ముందు కొంటుందో 15, 40 అన్న అంకెలే చెబుతున్నాయి. నా అంచనా ప్రకారం 'రెబెల్స్'ని కొన్నవాళ్లలో ఎక్కువమంది అప్పటికే స్పానిష్ ఆల్బమ్‌లన్నీ ఉన్న అభిమానులే. కొత్త శ్రోతల కోసం చేసిన ఆల్బమ్‌ని పాత శ్రోతలు అభిమానం కొద్దీ కొన్నారు. కంపెనీ పుస్తకాల్లో అది అమ్మకమే, గోడ దాటడం మాత్రం కాదు.

ఇక్కడ రికార్డు కంపెనీని మరీ తిట్టడం కూడా అన్యాయమే. 2006లో సీడీ అమ్మకాలు ఏటికేడు పడిపోతున్నాయి. చేతిలో ఉన్న ఆరుగురు ఎంతకాలం కలిసి ఉంటారో ఎవరికీ తెలియదు. సీరియల్ వేడి చల్లారేలోపు దొరికినంత దొరకబుచ్చుకోవాలన్న తొందర ప్రతి నిర్ణయంలోనూ కనపడుతుంది. రెండేళ్లలో మూడు స్పానిష్ స్టూడియో ఆల్బమ్‌లు, వాటికి పోర్చుగీసు రూపాలు, లైవ్ ఆల్బమ్‌లు, మధ్యలో కచేరీల యాత్రలు. ఆ ఒత్తిడిలో ఇంగ్లిష్‌ మీద కూర్చుని ఏడాది పని చేసే తీరిక వాళ్లకు ఎవరిస్తారు? అదే ఆల్బమ్‌ని జపాన్‌లో 'వీ ఆర్ ఆర్‌బీడీ' అని పేరు మార్చి వదిలారు. 2007 చివర్లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ మళ్లీ స్పానిష్. రెండో ఇంగ్లిష్ ఆల్బమ్ రాలేదు. 2008 ఆగస్టులో విడిపోతున్నట్టు ప్రకటించి, డిసెంబర్‌లో మాడ్రిడ్‌లో చివరి కచేరీ చేశారు.

తర్వాతి పదిహేనేళ్లలో ఆ గదుల గోడలే చాలావరకు కూలిపోయాయి. 2017లో లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీల 'దెస్పసీతో' 16 వారాలు అమెరికా మొదటి స్థానంలో ఉంది. దాని రీమిక్స్‌లో జస్టిన్ బీబర్ అంతటివాడే స్పానిష్‌లో గొంతు కలిపాడు. 2020 డిసెంబర్‌లో బ్యాడ్ బన్నీ ఆల్బమ్, మొత్తం స్పానిష్‌లోనే ఉండి, బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్లింది. అంతకుముందు ఏ స్పానిష్ ఆల్బమ్‌కీ అది సాధ్యం కాలేదు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2023లో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' తెలుగులోనే పాడారు. సినిమా, ఆ డాన్సు ముందే వెళ్లి జనంలో కూర్చున్నాయి కాబట్టి పాటకు భాష అడ్డం రాలేదు. ఆర్‌బీడీ పాటలు కూడా 2020 సెప్టెంబర్‌లో స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. 2023లో అల్ఫోన్సో ఎరేరా తప్ప మిగతా ఐదుగురు కలిసి అమెరికా, బ్రెజిల్, కొలంబియా, మెక్సికోల్లో స్టేడియాలు నింపుతూ తిరిగారు. పదిహేనేళ్ల విరామం తర్వాత కూడా జనం అడిగింది ఆ స్పానిష్ పాటలే.

అలాగని ఇంగ్లిష్‌తో పని లేదని తేల్చెయ్యడానికీ వీల్లేదు. 2018 నుంచి కొరియన్ ఆల్బమ్‌లతోనే బిల్‌బోర్డ్ మొదటి స్థానానికి వెళ్తున్న బీటీఎస్‌ని కూడా అమెరికా రేడియో చాలాకాలం దూరంగానే పెట్టింది. 2020 ఆగస్టులో వాళ్లు 'డైనమైట్' పాట పూర్తిగా ఇంగ్లిష్‌లో వదిలారు. అది బిల్‌బోర్డ్ పాటల జాబితా హాట్ 100లో నేరుగా మొదటి స్థానంలో దిగింది, రేడియోలు కూడా వేశాయి. తేడా వాళ్లు ఎంచుకున్న మోతాదులో ఉంది. రేడియో తలుపు కోసం ఒక్క పాట ఇంగ్లిష్‌లో పాడారు, ఆ నవంబర్‌లోనే తర్వాతి ఆల్బమ్‌ని ఎక్కువగా కొరియన్‌లో తెచ్చారు. అందులో ఆ ఇంగ్లిష్ పాట చివరి ట్రాక్.